అత్త ఊగిన ఉయ్యాల

పోయిన నెల గద్వాలలో ఒక పెళ్లికి వెళ్లాం. ఫంక్షన్ హాలు ముందు రాజమహలు కట్టి పెట్టారు. థర్మాకోల్ స్తంభాలు, వాటి మీద బంగారు రంగు, పైన వేలాడే ప్లాస్టిక్ ఝూమరు దీపాలు, ద్వారానికి రెండు వైపులా తొండాలెత్తిన ఏనుగులు. గాలికి ఒక ఏనుగు చెవి ఊడిపోతే పెళ్లికొడుకు మేనమామ దాన్ని చంకలో పెట్టుకుని, బంక సీసా కోసం వంటవాళ్ల దగ్గర్నుంచి బ్యాండువాళ్ల దాకా అందరినీ అడుగుతూ తిరుగుతున్నాడు. జనం మాత్రం ఆ చెవి లేని ఏనుగు పక్కనే నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మా ఆయన నన్ను కూడా అక్కడ నిలబెట్టి ఫోన్ ఎత్తారు. "జర నవ్వు, మహల్ల ఉన్నవ్" అన్నారు. మహలు అనేసరికి నాకు నిజంగానే నవ్వొచ్చింది. మేమిద్దరం కలిసి చూసిన అసలు మహలు ఒకటుంది. దాన్ని మాకు చూపించింది మా మేనత్త.

మా మేనత్త అంటే మా నాన్నకు అక్క. గద్వాలలో మాది మగ్గం ఇల్లు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే పనిలో అత్త చేయి పడితే అంచెక్కడ మొదలైందో చీరెక్కడ ఆగిందో వేలికి తెలిసేది కాదని మా అమ్మ అనేది. ఆడబిడ్డను మెచ్చుకోవడం మా అమ్మకు అంత సులువుగా వచ్చే పని కాదు కాబట్టి అది నిజమే అయివుండాలి. అత్తను రాయచూరు వైపు ఇచ్చారు. మామ తొందరగా పోవడంతో తిరిగొచ్చి తమ్ముడి ఇంటి పక్కనే మగ్గం వేసుకుంది. అటు నుంచి ఆమె తెచ్చుకున్నవి ఒక ఇత్తడి బిందె, "హౌదు" అనే కన్నడ మాట. అవును అనడానికి మేమందరం అవును అంటే సరిపోయేది. అత్త మాత్రం మాట తిరుగులేనిదైతేనే "హౌదు" అనేది. ఇక ఆ మాట మీద దేవుడొచ్చి చెప్పినా వినేది కాదు.

ఆ అత్తకు ఒక కథ ఉంది. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు మా తాత ఆమెను వెంటబెట్టుకుని కృష్ణ ఒడ్డున ఉన్న ఒక సంస్థానం వాళ్లింటికి చీరలు తీసుకుని వెళ్లాడట. ఆ ఊరి పేరు రాయను. ఆ ఇంటివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను అడగకుండా రాయడం మర్యాద కాదు. వీపనగండ్ల దాటి నది వెంబడి పోతూ ఉంటే వస్తుందని మాత్రం చెబుతాను. తాత చీరలు విప్పి పరుస్తుంటే దొరసాని వాటిని చూడడం మానేసి పిల్లను చూసిందట. చేయి పట్టుకుని తీసుకుపోయి, ఉయ్యాల బల్ల మీద తన పక్కనే కూర్చోబెట్టుకుందట. ఇద్దరూ ఊగారట. ఉయ్యాల ముందుకు పోయినప్పుడల్లా కాళ్ల కింద కృష్ణ కనిపించేదట. చివరకు దొరసాని ఒక కోవా బిళ్ల చేతిలో పెట్టి పంపించిందట. కథ ఇంతే. ఇందులో వజ్రాలు లేవు, పులులు లేవు. అయినా మా ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. సంస్థానాలు పోయిన కొత్తలో కూడా ఆ గడప దగ్గర పెద్దపెద్దవాళ్లే చెప్పులు చేతపట్టుకుని నిలబడేవారు. అలాంటి చోట మగ్గం ఇంటి పిల్లకు దొరసాని పక్కన చోటా? తాతను అడిగితే, "నేను చీరలు మడతపెట్టుకుంట ఉన్న, జూడలే" అని మీసాల్లో నవ్వేవాడు. ఆ నవ్వు అత్తకు చేసిన అన్యాయం అంతా ఇంతా కాదు. పోనుపోను అది మా ఇంట్లో సామెత అయిపోయింది. బడికి పోకుండా పోయానని చెప్పే పిల్లవాడినీ, రేపు తప్పకుండా వస్తానన్న చాకలినీ, ఎన్నికలప్పుడు ఇంటికొచ్చిన నాయకుడినీ కూడా మా నాన్న ఒకే మాట అనేవాడు: "ఏంది, మా అక్క ఉయ్యాల ఎక్కినవా?"

ఏడెనిమిదేళ్ల కిందట, శివరాత్రి దాటాక, మా చెల్లెలి మనవరాలికి గద్వాలలో తొట్టెల చేశారు. పసిబిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసే వేడుక అది. చుట్టాలంతా చేరారు. వనపర్తి నుంచి మేమూ మా పాత మారుతి వ్యానులో వెళ్లాం. అందరం తొట్టెల చుట్టూ పాట పాడుతుంటే మా నాన్న గొంతు లేచింది. "గిది చిన్నదైపాయె! మా అక్కను అడుగుండ్రి, దొరసాని ఉయ్యాల ఇప్పిస్తది." ఇల్లంతా ఘొల్లుమంది. అప్పుడే కాపురానికొచ్చిన ఒక కొత్త కోడలు అదేమిటని అడిగింది. నలుగురు పోటీపడి చెప్పారు. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అంతకుముందు ఎన్నోసార్లు అందరితోపాటు తనూ నవ్వేసిన అత్త, ఆ రోజు కూర్చున్నచోటి నుంచి లేచింది. కొత్త మనిషి నవ్వడం ఆమెకు తగిలినట్టుంది. తన కథ తాను పోయాక కూడా ఇలాగే చేతులు మారుతుందని ఆ క్షణంలో తోచిందేమో.

"తమ్మీ, నేను అబద్ధం ఆడిన్నా?" అని అడిగింది.

"అబద్ధమని ఎవరన్నరక్కా? చిన్నప్పుడు కల గన్నవేమో అంటున్న."

"కలలో కోవా తిన్నంక నోరు తియ్యగైతదారా?" అంది అత్త. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "కొడుకా, పొద్దున బండి తీస్తవా? పోదాం పా. ఉంటే చూస్తం, లేకుంటే నా నోరు మూసుకుంట."

మా ఆయనకు వ్యానులో పెట్రోలు పోసుకోవడానికి ఏదో ఒక సాకు కావాలి. విత్తనాల దుకాణాన్ని ఒక రోజు మూసేయడానికి ఇంతకంటే గొప్ప కారణం ఆయనకు అంతవరకూ దొరకలేదు. "పెద్దమ్మా, నువ్వు తయారుగుండు సాలు" అన్నారు.

తెల్లారి అత్త తయారైన తీరు చూడాల్సిందే. తన చేత్తో తాను నేసుకున్న వంకాయరంగు చీర కట్టుకుంది. దాన్ని ఎవరి పెళ్లికీ కట్టగా చూడలేదు. చేతిలో జొన్నరొట్టెల మూట, పల్లీల పొడి, మోకాళ్ల నూనె సీసా. బీచుపల్లి వంతెన మీదికి రాగానే బండి ఆపమని, కృష్ణకు దండం పెట్టి చిల్లర నాణెం వేసింది. ఆ నాణెం వంతెన కమ్మీకి తగిలి తిరిగి ఆమె కాళ్ల దగ్గరే పడింది. "ఇప్పుడు తీసుకోదట, పని అయినంక తీసుకుంటదట" అని దాన్ని మళ్లీ కొంగున ముడేసుకుంది. పెబ్బేరు దాటాక పొలాలు మొదలయ్యాయి. పల్లికాయ పీకిన చేలలో ఆడవాళ్లు గుంపులుగా కూర్చుని కాయలు తెంపుతున్నారు. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటుకు మా ఆయన తుమ్ముతూ బండి తోలుతుంటే, ఒక్కో తుమ్ముకూ బండి ఒక్కో గుంతలో పడేది. అత్త మాత్రం ముందు సీట్లో నిటారుగా కూర్చుని, వచ్చిన ప్రతి మలుపునూ "గిదే తొవ్వ" అని గుర్తుపట్టింది. ఆ రోడ్డు వేసి పదేళ్లు కూడా కాలేదని మా ఆయన చెప్పబోతే నేను వెనక నుంచి భుజం మీద గిల్లాను.

వీపనగండ్ల దాటి కొంత దూరం పోయాక రోడ్డు ఒక గుట్ట ఎక్కి దిగింది. దిగుతుండగా ఒక్కసారిగా ఎదురుగా నీళ్లు. శ్రీశైలం డ్యాము కట్టాక వెనక్కి నిండిన కృష్ణ అది. అవతలి ఒడ్డు కనపడీ కనపడనట్టు, దాని వెనక నల్లమల కొండలు నీలంగా, మధ్యలో దిబ్బలు దీవుల్లాగా. గాలికి అలలు లేచి రోడ్డు పక్కన బండరాళ్లను కొడుతున్నాయి. నది ఒంపు తిరిగిన చోటల్లా రోడ్డూ ఒంపు తిరుగుతోంది. మోదుగు చెట్లు ఆకు లేకుండా ఎర్రగా పూసి, ఆ నీలం ముందు నిలబడితే కళ్లు చెదిరిపోయాయి. సముద్రాన్ని నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి చూసినప్పుడు కూడా నా గుండె అంత కొట్టుకోలేదు. అత్త కిటికీలోంచి తల బయటపెట్టింది. కొంగు గాలికి జెండాలాగా ఎగురుతోంది.

"కొడుకా, సముద్రం గిట్లనే ఉంటదా?"

"గిట్లనే ఉంటది పెద్దమ్మా, జర ఉప్పగుంటది."

"అయితే గిదే మంచిగుంది" అని అత్త సముద్రం సంగతి అక్కడితో తేల్చేసింది.

బంగళా ఊరి చివర ఎత్తు మీద ఉంది. ముందు పెద్ద దేవిడీ గుమ్మం, లోపల బండి ఏకంగా మెట్ల దాకా పోయేంత బాట. కాపలా మనిషి, యాభై దాటినవాడు, మమ్మల్ని చూసి కింది దర్బారు గది వరకు చూపిస్తానన్నాడు. తలుపు తీశాక మేం ముగ్గురం గడప దగ్గరే ఆగిపోయాం. నలుపు తెలుపు చలువరాళ్ల నేల మా కాళ్ల దగ్గర మొదలై ఎక్కడో చీకట్లో కలిసింది. పైన ఝూమర్లకు దుమ్ము పడకుండా తెల్లబట్ట మూటలు కట్టారు. ఒక మూట కొద్దిగా ఊడి, అందులోంచి గాజు పలకలు గాలికి సన్నగా గలగలమన్నాయి. గోడకు మనిషిని మించిన అద్దాలు. కిటికీలకు ఎర్ర, పచ్చ, నీలం గాజులు. ఎండ వాటిలోంచి పడి అత్త చీర మీద ఆమె ఎప్పుడూ నేయని అంచులు నేసింది. ఆమె చేయి చాచి ఆ రంగులను అరచేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మా ఆయన ఒక కుర్చీని చూసి కూర్చోబోతే, అది పులి తోలు కప్పిన కుర్చీ కావడంతో ఎవరో పిలిచినట్టు లేచి నిలబడ్డారు. నేను టేకు మెట్ల చేతిపట్టును పట్టుకుంటే నా చేయి దానిమీద జారింది. ఎంతమంది చేతులు నున్నగా చేశాయో దాన్ని. మేం గట్టిగా మాట్లాడడం మరిచిపోయి చెవుల్లో చెప్పుకుంటున్నాం.

అత్త కాపలా మనిషిని అడిగింది. "అయ్యా, ఉయ్యాల ఏడుంది?"

"ఉయ్యాలనా? గసొంటిదేం లేదమ్మా. నేను పుట్టినప్పటి సంది ఈడనే ఉన్న. మా నాయిన గూడ ఈడనే పనిచేసిండు. ఉయ్యాల మాట ఎన్నడూ ఇనలే."

అత్త ముఖంలోని వెలుగు నా కళ్లముందే దిగిపోయింది. మా ఆయన నావైపు చూశారు. అత్త మాత్రం ఊరుకోలేదు. మేడ మీద నది వైపు వరండా ఉండాలి కదా అంది. మేడ మీదికి ఎవరినీ పంపరని అతనన్నాడు. జర అడిగి చూడమంది. చూసి చూసి అతనికే జాలి కలిగిందేమో లోపలికి పోయాడు. వచ్చేటప్పుడు అతని వెంట ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లటి నూలు చీర, చెవిలో వినికిడి మిషను, చేతిలో సగం వలిచిన చిక్కుడుకాయ. ఆ ఇంటి పెద్దకోడలు ఆమె. అత్త కథంతా రెండుసార్లు, రెండోసారి మరీ గట్టిగా చెప్పించుకుని, మమ్మల్ని మేడెక్కించి వరండా చూపించింది. కృష్ణ కనిపించింది కానీ చాలా దూరంగా ఉంది. పైకప్పుకు ఒక్క కొక్కెం కూడా లేదు.

"ఇది కాదు" అంది అత్త. "కాళ్ల కింద నీళ్లుండె. గింత దూరం లేకుండె."

పెద్దావిడ చిక్కుడుకాయను కాసేపు చేతిలోనే తిప్పింది. "తోటలో మంటపం గాని కాదు గదా! ఏటి ఒడ్డున ఉండేది. నేను కాపురానికి వచ్చేసరికి అందులో గడ్డి వేసేవాళ్లు. ఉయ్యాల సంగతి నాకు తెలియదమ్మా. కానీ మా అత్తగారైతే అట్లాంటి మనిషే. పెళ్లయిన చాలా ఏళ్లదాకా పిల్లలు కలగలేదు. ఎవరి పిల్ల కనపడినా దగ్గరికి తీసుకునేదట, మామగారు కోప్పడేవారట."

"ఆ మంటపం ఇప్పుడేడుంది?"

ఆమె వరండాలోంచి నీళ్లవైపు చేయి చూపించింది. "తోటంతా మునిగిపోయింది. నీళ్లు తగ్గితే పై భాగం కనపడుతుందంటారు. నేను మోకాళ్ల నొప్పులతో ఆ ఒడ్డుకు పోయి చాలా కాలమైంది."

అత్త తన మోకాళ్ల నూనె సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆ మేడ మెట్లు అత్త దిగిన వేగం చూస్తే ఆ సీసాతో ఇక ఆమెకు పని లేదనే అనిపించింది.

ఒడ్డున చేపలు పట్టే ఒకతను ఇంజను పడవ పక్కన వల బాగుచేసుకుంటున్నాడు. అడగ్గానే, "రాతి కంబాలా? ఉన్నయి. మా వలలు చిక్కేది ఆడనే" అన్నాడు. ముగ్గురికీ నీళ్లలో మునగకుండా నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగాడు. వంకాయరంగు చీర మీద ఆ జాకెట్టుతో అత్త, పడవ ముందుభాగంలో, యుద్ధానికి బయల్దేరిన రాణిలాగా కూర్చుంది. మా ఆయనకు నీళ్లంటే భయం. పడవ కదిలినప్పటినుంచీ హనుమంతుడిని తలుచుకుంటూ నా మోచేయి వదల్లేదు. గాలి ఎదురుగా కొడుతోంది, నీళ్లు ముఖాల మీద చిమ్ముతున్నాయి, ఎవరూ ఎవరికీ వినపడడం లేదు, అయినా అందరం అరుస్తున్నాం. ఒడ్డు ఒంపు దాటగానే నీళ్లలోంచి నాలుగు రాతి స్తంభాల తలలు, వాటిమీద అడ్డంగా రెండు రాతి దూలాలు కనిపించాయి. వాటిమీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. మమ్మల్ని చూసి అన్నీ ఒకేసారి లేచాయి. అతను ఇంజను ఆపి తెడ్డుతో మెల్లగా పడవను దూలం కిందికి తీసుకుపోయాడు.

నీళ్లు మమ్మల్ని దూలం ఎత్తుకు లేపి నిలబెట్టాయి. ఒకప్పుడు మనుషులు తలెత్తి చూసిన రాయి ఇప్పుడు మా తలల దగ్గర ఉంది. దాని అడుగున పాచి, నత్తగుల్లలు. అత్త కూర్చున్నచోటి నుంచే చేయి ఎత్తి రాయిని తడుముతూ పోయింది. ఒకచోట ఆగింది. రాతిలోకి దిగగొట్టిన ఇనుప కడియం. తుప్పు పట్టి మందంగా ఉబ్బింది. దానికి మూరెడు దూరంలో ఇంకొకటి. అవతలి దూలానికి, వాటికి సరిగ్గా ఎదురుగా, మరో రెండు.

ఉయ్యాల బల్ల నాలుగు గొలుసులకు నాలుగు కడియాలు. అత్త కడియంలోకి నాలుగు వేళ్లూ దూర్చి పట్టుకుంది. అల వచ్చి పడవ ముందుకు పోయింది, ఆమె చేయి చాచుకుంది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. నేను ఏడుస్తుందేమో అనుకుని దగ్గరికి జరిగాను. ఆమె నవ్వుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల నవ్వు అది, పళ్లు లేని చోట కూడా పళ్లున్నట్టు.

"హౌదు" అంది. ఎవరూ ఏమీ అడగకుండానే ఇంకోసారి, "హౌదు!"

మా ఆయన భయం మరిచిపోయి నా మోచేయి వదిలి వీడియో తీశారు. ఒడ్డుకు రాగానే మా ఇంటివాళ్లందరి వాట్సాప్ గుంపులోకి పంపించారు. ఒడ్డున వేడివేడిగా చేపలు వేయించి అమ్ముతుంటే మేం జొన్నరొట్టెతో తింటున్నాం. కాసేపటికి మా నాన్న గొంతు ఫోనులో వచ్చింది. "అక్కా... జర గట్టిగ పట్టుకోవే, పడతవ్."

అప్పటికి మేం నేల మీద కూర్చుని అరగంట అయింది. అయినా అత్త ఫోనును చెవికి ఆనించుకుని, "పట్టుకున్ననురా" అంది. ఆమె ముక్కు ఎగబీల్చడం చేపల మీది మిరప్పొడి వల్లేనని మేం ఒప్పుకున్నాం. తిరుగు ప్రయాణంలో బీచుపల్లి దగ్గర దిగి కొంగుముడి విప్పి నాణెం విసిరింది. ఈసారి కృష్ణ తీసుకుంది.

ఆ తర్వాత జరిగిందే మేం ఎవరమూ అనుకోనిది. మా ఇంట్లో ఆ సామెత ఆగిపోయింది. అది మంచిదే. కానీ దానితోపాటు కథ అడగడమూ ఆగిపోయింది. నిజమని తేలాక అందులో నవ్వడానికి ఏమీ మిగల్లేదు, ఎదురుచెప్పడానికీ ఏమీ లేదు. పండక్కో పెళ్లికో అందరం కలిసినప్పుడు అత్త ఎవరైనా ఆ కథ ఎత్తుతారేమోనని చూసేది. ఎవరూ ఎత్తేవారు కాదు. ఒక ఏడాది అలాగే గడిచింది. ఆమె కాస్త దిగాలుగా ఉన్నట్టు నాకనిపించింది. తర్వాత ఒక ఉగాదినాడు, పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని, ఎవరితోనూ కాకుండా గాలితో అన్నట్టు అంది: "దొరసాని దగ్గర ఒక చిలుక ఉండె. నా పేరు పెట్టి పిలిచింది."

మా నాన్న తినడం ఆపి తలెత్తాడు. ఆయన కళ్లల్లో పాత మెరుపు చూసి ఎంత కాలమైందో! "ఏమన్నవ్? చిలుకనా? నీ పేరు దానికెట్ల తెల్సక్కా?" అన్నాడు. ఇల్లంతా ఒక్కసారిగా మేలుకుంది. ఒకరు అది ఏ రంగు చిలుక అన్నారు, ఒకరు తెలుగులో పిలిచిందా ఉర్దూలోనా అన్నారు. అత్త అన్నింటికీ జవాబు చెప్పింది, ఒక్కదానికీ తడబడలేదు. చిలుక తర్వాత ఒక జింకపిల్ల వచ్చింది. పోయిన నెల పెళ్లిలో ఆమె పక్కన కూర్చుని భోంచేస్తుంటే, దొరసాని తనను కారులో బస్టాండు దాకా దింపిందని కూడా తెలిసింది. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. వయసు మీద పడేకొద్దీ మనిషికి ముందున్న కాలం తరిగిపోతుందని అందరం అంటాం కదా, మా అత్తకు మాత్రం వెనకున్న కాలం ఏటేటా పెరుగుతూ వస్తోంది.